మా బబుల్ టిప్ రెండుగా చీలుతున్నట్టుంది, ఏం చేయాల?

గడియారస్తంభం, అనంతపురం
మే 11, రాత్రి 10:20

అందరికీ నమస్తే. నాది 200 లీటర్ల రీఫ్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ) ట్యాంకు, పెట్టి ఏడాదిన్నర దాటింది. ఒక గులాబీరంగు బబుల్ టిప్ అనిమోన్ (రాతిని పట్టుకొని బతికే పువ్వులాంటి సముద్ర జీవి), దాంట్లో కాపురముండే క్లౌన్ చేపల జత, ఒక లెదర్ కోరల్, కొన్ని జోయాంతస్ (రెండూ పగడాల జాతివే) ఉన్నాయి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అనిమోన్ నోరు గుండ్రంగా లేదు, సాగిపోయి గీత మాదిరి అయింది. పాదం సగం రాతి సందులోనే ఉంది, తక్కిన సగం అవతలి అంచు పట్టుకొని గుంజుతోంది. నడుమ భాగం బెల్లం పాకం తీగ మాదిరి సన్నబడిపోయింది.

మా అమ్మ చూసి, "కానుపు మాదిరుందిరా, దాన్ని కదిలించొద్దు, లైటు ఆర్పేసి గమ్మునుండు" అనింది. నాకేమో నిద్ర పట్టేట్టు లేదు. క్లౌన్లు చుట్టూ తిరుగుతున్నాయి గానీ లోపలికి పోవడం లేదు.

మధ్యాహ్నం నీళ్ళు 29 డిగ్రీలు, ఇప్పుడు 28. ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025. నైట్రేట్ 10 లోపలే. కేహెచ్ (నీళ్ళ క్షారత) 8. సంతోషపడాల్నా, భయపడాల్నా?

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 11, రాత్రి 10:34

మీ అమ్మగారు చెప్పిందే మందు. చెయ్యి పెట్టొద్దు, రాయి జరపొద్దు, నిమిషానికోసారి టార్చి కొట్టొద్దు.

అది చీలడమే. బబుల్ టిప్‌కు మామూలు సంగతి. పాదం రెండు దిక్కులకు లాగుతుంది, నోటి మీదుగా ఒళ్ళు నిలువునా తెగుతుంది, తెగిన అంచులు ముడుచుకొని ఒక్కో ముక్కకు ఒక్కో నోరు తయారవుతుంది. మా ట్యాంకులో ఒకసారి రాత్రి మొదలై పొద్దున కాఫీ వేళకు అయిపోయింది, ఇంకోసారి మూడు రోజులు పట్టింది. రెండు ముక్కలూ ఒకే జీవి నకళ్ళు. ఇది తల్లి, అది బిడ్డ అనేదేం లేదు కాబట్టి కానుపు అనే మాట మాత్రం నేనొప్పుకోను.

నోరు గీతలా సాగితే ఫర్వాలేదు. నోరు తెరుచుకొని లోపలిదంతా బయటికి ఉబికి, ముట్టుకుంటే చేతికి జిగురుగా ఊడొస్తుంటే మాత్రం ఆ రాత్రికి రాత్రే తీసి పారేయాల. చచ్చిన అనిమోన్ వాసన ఒకసారి తగిలితే ఇంక అనుమానమే ఉండదు.

నీళ్ళు తిప్పే పంపు, అదే వేవ్‌మేకర్‌కు కవర్ ఉందా?

గడియారస్తంభం, అనంతపురం
మే 11, రాత్రి 10:41

లేదక్కా. అనిమోన్‌కు రెండు జానల దూరంలో ఉంది. ఇంట్లో ఉల్లిగడ్డల సంచి వల ఉంది, అది కట్టొచ్చా?

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 11, రాత్రి 10:45

కర్నూలు మనిషికే ఉల్లిగడ్డల సంచి చూపిస్తున్నారా! ఆ కళ్ళు పెద్దవి, టెంటకిల్ (అనిమోన్ మీసం) దూరిపోతుంది, పైగా ఆ ఎర్ర రంగు ఏం రంగో ఎవరికి తెలుసు. కొత్త నైలాన్ దోమతెర ముక్క గానీ ముతక స్పాంజి గానీ కట్టండి. రోజూ తీసి కడగాల, లేకుంటే పూడుకుపోయి పంపు వేడెక్కుతుంది. చీలిన ముక్కలు ఒకదాని నుంచి ఒకటి దూరంగా నడుస్తాయి. ఎక్కడికి పోతాయో వాటికే తెలియదు. ఇప్పుడే కట్టండి, రేపు కాదు.

పాతఉప్పు, కర్నూలు
మే 12, ఉదయం 6:10

అనిమోన్ చీలితే "సంతోషం పట్టలేక చీలింది" అని లడ్లు పంచేవాళ్ళను నేను చానా మందిని చూసినా. బాగా మేపితే, పెరిగి పెద్దదైతే చీలేది నిజమే. కానీ ఇబ్బంది పడినప్పుడు కూడా చీలుతుంది. నీళ్ళు ఒక్కసారిగా ఎక్కువ మార్చినా, ఉప్పు తేడా వచ్చినా, వేడి ఎగసినా, లైటు మార్చినా. ఒకటి పోయినా ఇంకోటి మిగలాలని దాని లెక్క కావచ్చు. అందుకే అది ఎట్లా చీలిందని కాదు, చీలక ముందు ఏం జరిగిందని అడుగుతా.

తమ్ముడూ, రెండు వారాల్లో ట్యాంకులో ఏం మారింది? మేత పెంచినావా? లైటు? కరెంటు పోయిందా? ఊరికి పోయినావా? 28, 29 డిగ్రీలు నాకు నచ్చలేదు గానీ, అది ఒక్కటే అయితే మే నెలలో సీమలో ఉండే అనిమోన్లన్నీ చీలి పోవాల.

గడియారస్తంభం, అనంతపురం
మే 12, ఉదయం 7:30

అన్నా, మేత మారలేదు. వారానికి రెండుసార్లు రొయ్య ముక్క, వేరుశనగ గింజంత. లైటు అదే. కరెంటు పోతుంది గానీ ఇన్వర్టర్ ఉంది.

ఊరికి పోయింది మాత్రం నిజం. బళ్ళారిలో పెండ్లికి పోయి 5 రోజులుండి 9వ తేదీ వచ్చినాము. మా బామ్మర్ది వచ్చి చూసుకున్నాడు. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషను) లేదు, నీళ్ళ మీద రెండు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. అందుకని రోజుకు 4 లీటర్లు ఆవిరైపోతాయి. ఆ మేరకు పోయమని చెప్పి పోయినా.

పాతఉప్పు, కర్నూలు
మే 12, ఉదయం 7:33

ఏ నీళ్ళు పోసినాడు?

గడియారస్తంభం, అనంతపురం
మే 12, ఉదయం 8:05

అడిగినా అన్నా. రెండు క్యాన్లు పక్కపక్కనే పెట్టింటి. తెల్లదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, నీలందాంట్లో నీళ్ళు మార్చడానికి కలిపిపెట్టిన ఉప్పునీళ్ళు. వాడు నీలందే పోసినాడంట. "సముద్రం చేపలకు ఉప్పునీళ్ళే కదా బావా పోయాల్సింది" అంటున్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

లెక్కలసారు, తాడిపత్రి
మే 12, ఉదయం 8:20

మీ బామ్మర్దిని తిట్టకండి, తర్కం సరిగ్గానే ఉంది, ఒక్క అడుగు తప్పింది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి పోయాల్సింది చప్పనీరు.

ఎంత ఎక్కిందో చూద్దాం. రోజుకు 4 లీటర్ల చొప్పున 5 రోజులకు 20 లీటర్లు. లీటరుకు 35 గ్రాములనుకుంటే 700 గ్రాముల ఉప్పు అదనంగా పడింది. 200 లీటర్లలో అది లీటరుకు మూడున్నర గ్రాములు. అంటే 35 ఉండాల్సింది 38.5 అయి ఉండాలి. సాంద్రతలో 1.029 దగ్గర. మీరు 1.025 అంటున్నారు. రెండూ ఒకేసారి నిజం కావు. దేంతో కొలిచారు?

గడియారస్తంభం, అనంతపురం
మే 12, ఉదయం 8:24

ముల్లు పైకి లేచే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తో సార్.

పాతఉప్పు, కర్నూలు
మే 12, ఉదయం 8:31

దొరికినాడు దొంగ. ఆ ముల్లుకు బుడగ అంటుకుంటే ఒక లెక్క, ఉప్పు పెచ్చు కట్టితే ఒక లెక్క. ఏడాదిన్నరలో ఎన్నిసార్లు దాన్ని వెనిగర్‌తో కడిగినావో నీ మనసుకు తెలుసు.

లెక్కలసారు, తాడిపత్రి
మే 12, ఉదయం 8:40

రేపు పని మీద అనంతపురం వస్తున్నాను. ఒక్క చుక్కతో ఉప్పు కొలిచే నా రిఫ్రాక్టోమీటర్ తెస్తాను. అంతవరకు తెల్ల క్యాన్ నీళ్ళే పోయండి, ఇంకేమీ సరిచేయకండి.

భీమిలి_అల, విశాఖపట్నం
మే 12, మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. చిల్లర్ లేకుండా మే నెలలో 28 దగ్గర ఆపుతున్నారా? మాకు సముద్రం పక్కనే ఉంది, ఆటుకు మా రాళ్ళ గుంటల్లోనే అనిమోన్లు కనిపిస్తాయి, కానీ ఫ్యాను పెట్టినా ట్యాంకు నీళ్ళు 31 నుంచి దిగవండి. చిల్లర్ కొనక తప్పలేదు.

లెక్కలసారు, తాడిపత్రి
మే 12, మధ్యాహ్నం 2:05

మీ గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది, కొత్తగా ఆవిరి పట్టదు. మా గాలి ఎండు కట్టె. ఇక్కడ ఉతికిన పంచె అరగంటలో ఆరినట్టే తొట్టిలో నీరు కూడా ఆవిరవుతుంది. ఒక్క లీటరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని మోసుకుపోతుంది. అనంతపురం ఎండుగాలే ఈయన అనిమోన్‌ను కాపాడుతోంది. అదే గాలి రోజుకు 4 లీటర్లు తాగుతూ ఈ తంటా కూడా తెచ్చింది.

బుగ్గవంక, కడప
మే 12, సాయంత్రం 6:50

అన్నలూ, ఒక్కటి చీలితేనే ఇంత గొడవ పడుతున్నారు. నాది 4 నెలల ట్యాంకు. నా దాంట్లో ఒక్క చిన్న అనిమోన్ రాయితో పాటు వచ్చింది, నెలలో 15 అయినాయి బ్బా! ఒకదాన్ని బ్లేడుతో గీకి తీసేద్దామని చూసినా, అక్కడ ఇంకో నాలుగు లేచినాయి. లేత గోధుమరంగు, పొడుగు మెడ, తాకితే సర్రున లోపలికి పోతాయి. క్లౌన్లు మాత్రం దగ్గరికి పోవు. ఎవరికైనా కావాలంటే ఫ్రీగా ఇస్తా.

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 12, సాయంత్రం 7:02

నాయనా, ఎవరికీ ఇవ్వద్దు! అది ఐప్టేసియా. పొలంలో తుంగ ఎట్లాంటిదో రీఫ్‌లో ఇది అట్లాంటిది. పాదం తునక ఒక్కటి రాతి మీద మిగిలినా దాన్నుంచి కొత్తది లేస్తుంది. నువ్వు గీకి తీసేదనుకున్నావు, నిజానికి నాటినావు. క్లౌన్లకు ఇల్లయ్యే అనిమోన్లు ప్రపంచం మొత్తం మీద పది రకాలే, అందులో ఇది లేదు.

పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు మూడు వేస్తే చిన్నవాటిని తింటాయి. పెద్దవాటికి కాల్షియం హైడ్రాక్సైడ్‌ను చిక్కగా కలిపి సిరంజితో నోట్లోకి. పంపులు ఆపి, ఒక పూటకు మూడు నాలుగింటికి మించకుండా, లేకుంటే పీహెచ్ ఎగుస్తుంది.

బుగ్గవంక, కడప
మే 12, సాయంత్రం 7:10

కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే సున్నమే కదక్కా? మా అవ్వ వక్కాకు డబ్బీలో ఉండాది.

పాతఉప్పు, కర్నూలు
మే 12, రాత్రి 8:15

సున్నమే. కానీ అవ్వ డబ్బీ జోలికి పోవద్దు, దాంట్లో ఇంకేం కలిసిందో తెలీదు, అవ్వ చేతిలో దెబ్బలు వేరే. శుద్ధమైన పొడి తెచ్చుకో.

నువ్వు మొన్న ఇంకో చోట రాసింది కూడా చదివినా, లైవ్ రాక్ (బాక్టీరియా ఉండే చిల్లుల రాయి) బదులు కడప బండ ముక్కలు పేర్చినావంట. కడప బండ సున్నపురాయే, నీళ్ళకు చెడుపు లేదు. కానీ అది నున్నగా గట్టిగా ఉంటుంది, లోపల బాక్టీరియా కాపురం పెట్టడానికి సందే లేదు. దాన్ని స్టాండు మీద ట్యాంకు కింద వేసుకో, దాన్ని మించింది లేదు. లోపలికి చిల్లులుండే రాయి కావాల. ఎవడో చెన్నై నుంచి రాతి పగడాలు పంపిస్తా అంటున్నాడని కూడా రాసినావు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉండేవి. పులి ఎక్కడుందో అవీ అక్కడే. ఆ మాటే ఎత్తొద్దు.

గడియారస్తంభం, అనంతపురం
మే 13, రాత్రి 9:30

సార్ వచ్చిపోయినారు. అమ్మ చేసిన ఉగ్గాని తిని, ట్యాంకు నీళ్ళు చుక్క వేసి చూపించినారు. ముందు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో రిఫ్రాక్టోమీటర్‌ను సరిచూసినారు. ట్యాంకు 1.029. లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. నా ప్లాస్టిక్ డబ్బా ఇంకా 1.025 దగ్గరే ఊగుతోంది. పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేసినా.

అనిమోన్ ఇంకా పూర్తిగా తెగలేదు. ఒక సన్నటి తీగ మిగిలింది. ఇప్పుడు ఉప్పు ఎట్లా తగ్గించాల? ఒకేసారి ఆర్‌ఓ నీళ్ళు పోసేస్తే?

లెక్కలసారు, తాడిపత్రి
మే 13, రాత్రి 10:00

ఒకేసారి వద్దు, అది రెండో దెబ్బ అవుతుంది. 38.5 నుంచి 35కి దిగాలంటే మొత్తం 18 లీటర్ల తొట్టి నీరు తీసి ఆర్‌ఓ నీరు పోయాలి. నాలుగు రోజులకు పంచితే రోజుకు నాలుగున్నర లీటర్లు. ఆవిరైన 4 లీటర్లు దీనికి అదనం, రెండూ కలపకండి. రోజుకు సాంద్రత 0.001కి మించి దిగకూడదు. రిఫ్రాక్టోమీటర్ మీ దగ్గరే ఉంచాను కదా, పొద్దున సాయంత్రం చూడండి. బోరు నీళ్ళు మాత్రం పొరపాటున కూడా వద్దు.

గడియారస్తంభం, అనంతపురం
మే 14, రాత్రి 2:12

ఎవరైనా మేలుకొని ఉన్నారా? తెగింది. పెద్ద ముక్క రాతి సందులోనే ఉంది. చిన్నది గాజు మీద పాకుతూ వేవ్‌మేకర్‌కు బెత్తెడు దూరానికి వచ్చింది. దోమతెర కట్టింటి గానీ ఒక పక్క ఊడి వేలాడుతోంది.

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 14, రాత్రి 2:20

వేవ్‌మేకర్ ఆపేయండి. గాలి రాయి వేయండి, నురగతో మురికి తీసే స్కిమ్మర్ నడవనీండి, రాత్రికి ఆక్సిజన్‌కు అది చాలు. ముక్కను పీకొద్దు, పాదం చిరిగితే మానడం కష్టం.

నేనెందుకు మేలుకొని ఉన్నానంటే, మా పాప పరీక్షకు చదువుతోంది, నేను టీ పెడుతున్నా.

పాతఉప్పు, కర్నూలు
మే 14, ఉదయం 5:50

రాత్రి చూడలేదు. ఆపినావు కదా, మంచి పని.

నా సంగతి చెప్తా. నాలుగేండ్ల కింద నాది చీలినప్పుడు నేను కవర్ కట్టలేదు. పొద్దున లేచి చూస్తే ట్యాంకు మజ్జిగ మాదిరి తెల్లగా ఉంది. ముక్క పంపులో పడి తురుముకుపోయింది. ఆ కుట్టే కణాలన్నీ నీళ్ళలో కలిసి, స్కిమ్మర్ పొంగి నేలంతా నురగ. సగం నీళ్ళు మార్చినా, బొగ్గు వేసినా. రెండు క్లౌన్లు, ఒక గోబీ పోయినాయి. ఆ క్లౌన్లలో పెద్దది ఆడది, ఆరేండ్లు నా చేతి మేత తినింది. క్లౌన్లు పుట్టేటప్పుడు అన్నీ మగవే, గుంపులో పెద్దదే ఆడది అవుతుంది. ఆడది పోతే మిగిలిన మగది ఆడదవుతుంది అంటారు, నాకు ఆ మగది కూడా మిగల్లేదు.

ఆ అనిమోన్ కొన్న అంగడి పేరు వద్దు గానీ, అదే అంగడిలో పసుపుపచ్చ అనిమోన్ అని రంగులో ముంచింది కూడా ఒకటి అంటగట్టినారు. నెలకు రంగు దిగి తెల్లగా తేలింది. ఒంట్లో ఉండాల్సిన గోధుమరంగు ఆల్గే (సన్నటి నాచు) ముందే పోయింది, దాని కడుపు నింపేది ఆ ఆల్గే. కొత్తగా కొనేవాళ్ళు తెల్లదాన్ని, పసుపుదాన్ని చూసి మురవొద్దు.

గడియారస్తంభం, అనంతపురం
మే 14, రాత్రి 8:40

చిన్నది పొద్దునకు దారి మళ్ళింది. వెనక పక్క నీడలో చిన్న రాయి మీద కూర్చుంది. ముద్దగా ముడుచుకొని ఉంది, తెగిన పక్కన నోరు కనపడటం లేదు. పెద్దదాంట్లోకి ఆడ క్లౌన్ దూరింది, మగది బయటే కాపలా. స్పాంజి కవర్ గట్టిగా బిగించినా. సాంద్రత 1.028.

ఆకలిగా ఉంటుందేమో, చిన్నదానికి రొయ్య పెట్టమంటారా?

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 14, రాత్రి 8:55

కనీసం వారం వద్దు. నోరే లేనిదానికి ముద్ద పెడితే ఎక్కడ మింగుతుంది? మానేదాకా లైటే దాని అన్నం. నోరు గుండ్రంగా వచ్చి, టెంటకిల్స్ జిగురుగా పట్టుకుంటే అప్పుడు మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) ఒకటి రెండు, ఆవగింజంత ముక్కలు.

భీమిలి_అల, విశాఖపట్నం
మే 15, ఉదయం 11:00

ఒక సందేహం. సముద్రంలో కూడా ఇవి ఇలా చీలుతాయా, లేక మన పెట్టెల్లోనేనా?

పాతఉప్పు, కర్నూలు
మే 15, మధ్యాహ్నం 12:40

సముద్రంలోనూ అంతే. లోతు తక్కువ చోట బబుల్ టిప్‌లు చిన్నవిగా, గుంపులు గుంపులుగా ఉంటాయి, చీలి చీలి ఒక రాయి నిండా ఒకే జీవి నకళ్ళు. లోతుకు పోతే పెద్దగా, ఒంటరిగా ఉంటాయి. కార్పెట్ అనిమోన్‌ను పెట్టుకొని చీలుతుందని ఎదురుచూసేవాళ్ళున్నారు, ట్యాంకులో అది అంత సులభంగా చీలదు. ఇంకొందరు బ్లేడు పెట్టి నోటి మీదుగా కోసి అమ్ముతారు. బతుకుతాయి, నిజమే. నేను మాత్రం చేయను, చేసేవాళ్ళకు ఇక్కడ సలహా కూడా ఇవ్వను.

గడియారస్తంభం, అనంతపురం
మే 26, రాత్రి 9:10

ఆలస్యంగా రాస్తున్నా. సాంద్రత 1.026 దగ్గర నిలబడింది. చిన్నదానికి నోరు వచ్చింది. మొన్న మైసిస్ పెడితే మెల్లగా లోపలికి తీసుకుంది, అమ్మ ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. సైజు మాత్రం నిమ్మకాయంత. మొన్న 3 గంటలు కరెంటు పోతే ఇన్వర్టర్ మీద పంపు గుయ్‌మని అరిచింది, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పంపులకు పడదని ఎలక్ట్రీషియన్ చెప్పినాడు, సైన్ వేవ్‌ది చూస్తున్నా.

ట్యాంకులో రెండింటికి చోటు చాలదు, జోయాలను కుడుతున్నాయి. చిన్నది ఎవరికైనా ఇస్తా, డబ్బులు వద్దు.

బుగ్గవంక, కడప
మే 26, రాత్రి 9:12

నాకు అన్నా నాకు! పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మీ ఇంటి ముందుంటా.

పాతఉప్పు, కర్నూలు
మే 26, రాత్రి 9:40

నీ ట్యాంకుకు ఇంకా ఐదు నెలలు నిండలేదు, ఐప్టేసియా పోలేదు. వద్దు.

బుగ్గవంక, కడప
మే 26, రాత్రి 9:44

15లో 9 చచ్చినాయి బ్బా. రాయి కూడా మార్చినా, బండలు స్టాండు మీదికి పోయినాయి.

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 26, రాత్రి 10:05

నేను తీసుకుంటా, పెంచుతా. తమ్ముడూ, నీ ట్యాంకు ఏడాది నిండి, నైట్రేట్ నెలపాటు నిలకడగా చూపిస్తే మా దాంట్లో అది ఈసారి చీలినప్పుడు సగం నీదే.

గడియారస్తంభంగారూ, రెండు రోజులు మేత ఆపండి. రాతి నుంచి పీకకుండా ఆ చిన్న రాయితో సహా డబుల్ కవర్‌లో, మీ ట్యాంకు నీళ్ళతో, థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. రాయి దొర్లి దాన్ని నలపకుండా కవర్ అడుగున మూలకు ఒదిగేట్టు చూడండి. డోన్ మీదుగా వచ్చే బస్సులో ఏసీ ఉండేది చూసుకోండి, పొద్దున 5కు బయలుదేరేది అయితే ఎండ తగలదు.

గడియారస్తంభం, అనంతపురం
మే 30, ఉదయం 10:50

అక్కా, బామ్మర్దే తెస్తున్నాడు, ఈపాటికి గుత్తి దాటి ఉంటాడు. వాడు రెండు క్యాన్ల మీదా పెయింటుతో రాసినాడు, ఒకదాని మీద "ఉప్పు", ఇంకోదాని మీద "చప్ప". పెట్టె మీద కూడా "ఉప్పు" అని రాసినాడు, ఎందుకో తెలీదు.

ఉగ్గానిబజ్జి, కర్నూలు
మే 30, మధ్యాహ్నం 12:35

చేరింది. కవర్ నీళ్ళు 27. పాదం రాయిని వదల్లేదు. మా నీళ్ళు చుక్క చుక్కగా కలుపుతున్నా, ఇంకో గంట పడుతుంది. మీ బామ్మర్దికి అన్నం పెట్టినా, ఇప్పుడు స్కిమ్మర్ పక్కన కూర్చొని ఇదేం చేస్తుంది అదేం చేస్తుంది అని అడుగుతున్నాడు.